తాలూకాకొక నక్షత్రం

నలభై ఆరేళ్ళ వయసులో నేను కుర్చీలోంచి లేచి గంతేసిన రోజు ఒకటుంది. పెళ్ళీ కాదు, పేరంటమూ కాదు. ఒక్క నక్షత్రం గుర్తు పెడితే ఒకే సర్టిఫికెట్టు నలభై రెండు ఊళ్ళకూ సరిపోతుందని చదివిన రోజు అది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. అంతకు ముందు రెండేళ్ళుగా ఆ నలభై రెంటినీ ఒక్కొక్కటిగా తెచ్చి, ఒక్కొక్కటిగా సర్వరుకు ఎక్కించి, ఒక్కొక్కదాని గడువు క్యాలెండరులో రాసుకున్న మనిషికి తెలుస్తుంది ఆ గంతు ఎందుకో.

మాది కె.జి.ఎఫ్., మూతబడిన కోలారు బంగారు గనుల ఊరు. నేను పనిచేసేది ఒక ప్రైవేటు పాల కంపెనీలో. మా ఆఫీసు రాబర్ట్‌సన్‌పేట బజారులో స్టీలు సామాన్ల అంగడి పైన ఉంది. కింద గిన్నెలు దొర్లిన చప్పుడు, పైన మా సర్వరు ఫ్యాన్ల చప్పుడు. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు బడిలో కంప్యూటరు పాఠాలు చెప్పాను కాబట్టి గొంతు పెద్దది, ఓపిక చిన్నది. సర్వరును కూడా పిల్లల్ని గదమాయించినట్టే గదమాయిస్తానని మా మేనేజరు అంటుంటారు.

కోలారు జిల్లాలో మాకు నలభై రెండు పాల సెంటర్లు. ప్రతి సెంటరులో ఒక మిషను. పాలు పోయగానే అది వెన్న శాతం చూసి మా సర్వరుకు పంపుతుంది, సర్వరు సరేనంటే చీటీ వస్తుంది. చీటీ రాకపోతే సెంటరు సెక్రెటరీ పాలు తీసుకోకూడదు. మిషను తను చూసిన శాతం చెప్పే ముందు సర్వరును ఒక మాట అడుగుతుంది: నువ్వు నిజంగా మా కంపెనీ సర్వరువేనా? అప్పుడు సర్వరు చూపించే గుర్తింపు పత్రమే సర్టిఫికెట్టు. ప్రతి మిషనూ సర్వరును తన ఊరి పేరున్న అడ్రసుతోనే పిలుస్తుంది కాబట్టి ఊరికో పత్రం. దానికి ఒక గడువుంటుంది. గడువు దాటిన మరుక్షణం మిషను నోరు మూసుకుంటుంది, బతిమాలినా తెరవదు.

పోయినేడు నంగలి సెంటరు గడువు నా కన్నుగప్పి దాటిపోయింది. పొద్దుటి పాలు చీటీ లేక క్యాన్లలోనే ఎండకు నిలబడి విరిగిపోయాయి. అక్కడి సెక్రెటరీ నా వయసు ఆవిడే. ఫోన్ చేసి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అమ్మా, ముప్పై మంది ఆడోళ్ళు క్యాన్లు పట్టుకోని నిలబడి ఉండారు. వాళ్ళకి ఏమి చెప్పేది?" అని అడిగింది.

తిట్టినా బాగుండేది. ఆ వారంలోనే కంపెనీ పెద్దలు సర్వరును బెంగళూరులోని ఒక సాఫ్ట్‌వేరు కంపెనీకి అప్పగించేద్దామని తీర్మానించారు. సర్వరుతో పాటు నా ఉద్యోగమూ బెంగళూరు బండెక్కుతుందని వేరే చెప్పనక్కర్లేదు. మా మేనేజరు అడ్డుపడ్డారు. ఆయనకు అరవై దగ్గరపడుతున్నాయి. గని లైన్ల ఇళ్ళలో పుట్టి పెరిగిన తమిళం మనిషి, కానీ తెలుగు మాట్లాడితే మా ఇంటి మనిషే అనిపిస్తుంది. పెద్దలతో గంటసేపు వాదించి వచ్చి నా బల్ల ముందు కూర్చున్నారు.

"ఒక్క ఛాన్సు అడిగి తెచ్చినానమ్మా. వచ్చే గడువు దినము ఏ సెంటర్లోనూ ఒక్క పూట పాలు కూడా నిలబడకూడదు. నిలబడిందా, సర్వరు బెంగళూరికి పోతాది. ఇంగ నీ చేతిలో ఉండాది."

మళ్ళీ ఏ ఊరి తేదీ జారిపోకుండా నలభై రెంటి గడువూ ఒకే రోజు, మధ్యాహ్నం మూడు గంటలకు తీరేట్టు కుదిర్చాను. ఆ తర్వాతే ఈ నక్షత్రం సంగతి చదివాను. సర్టిఫికెట్టు మీద పేరు ఉండాల్సిన చోట నక్షత్రం గుర్తు పెడితే అక్కడ ఏ పేరు వచ్చినా చెల్లుతుందట. నలభై రెండు ఊళ్ళకు నలభై రెండు పత్రాలు ఎందుకు? ఒక్కటి చాలు! ఆ వారమంతా ఎవరు కనబడితే వాళ్ళకు చెప్పాను. కింద అంగడాయనకు కూడా చెప్పాను. ఆయన పాపం ఒక ఇడ్లీ పాత్ర తుడుస్తూ చివరిదాకా విన్నాడు.

కొత్త సర్టిఫికెట్టుకు పెద్దల అనుమతి మాత్రం గడువుకు ముందురోజు సాయంత్రానికి గానీ రాలేదు. ఫర్వాలేదనుకున్నాను. పొద్దుటి పాలు తొమ్మిదికి అయిపోతాయి, సాయంత్రం పాలు నాలుగింటికి మొదలవుతాయి. రెండు పూటల పాల మధ్య ఏడు గంటలు నావి.

పది గంటలకు పని మొదలుపెట్టాను. ముందు ఒక తాళం చెవి, అంటే ఒక రహస్య ఫైలు, తయారుచేయాలి. అది సర్వరు గడప దాటకూడదు. తర్వాత నక్షత్రం పెట్టిన పేరుతో అర్జీ రాసి, సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థకు నెట్‌లో పంపాలి. ఈ పేరు మీదేనని రుజువేమిటి అని వాళ్ళు అడుగుతారు. బారెడు అక్షరాల వరుస ఒకటిచ్చి, దీన్ని మీ కంపెనీ నెట్ అడ్రసులుండే పట్టీలో రాసి చూపించండి అంటారు. ఆ పట్టీలో వేరేవాళ్ళు చెయ్యి పెట్టలేరు కదా, అదే రుజువు. రాశాను. చూసుకున్నారు. సర్టిఫికెట్టు వచ్చింది. దాన్నీ, తాళం చెవినీ, ఇచ్చిన సంస్థ తాలూకు పత్రాన్నీ ఒకే పెట్టెలో పెట్టి, పాస్‌వర్డు వేసి, సర్వరుకు అప్పగించి, సర్వరును ఆపి మళ్ళీ నడిపించాను. మాది పెద్ద సాఫ్ట్‌వేరు. లేపగానే లేవదు, ఎనిమిది నిమిషాలు ఒళ్ళు విరుచుకుంటుంది. ఆ ఎనిమిది నిమిషాలూ నేను గదిలో కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

లేచింది. ఆఫీసు పేజీ తెరిస్తే అడ్రసు పక్కన, నమ్మొచ్చు అని చెప్పే తాళం గుర్తు. పాల లారీల పేజీ తెరిస్తే తాళం గుర్తు. కొత్త గడువు తేదీ పెళ్ళి శుభలేఖలో ముహూర్తంలాగా కనబడింది నాకు. చప్పట్లు కొట్టాను. మేనేజరు పక్క హోటలు నుంచి బోండాలు తెప్పించారు.

ఇల్లు అలకగానే పండగ కాదని మా అమ్మ ఊరికే అనలేదు. నంగలి సెక్రెటరీకి ఫోన్ చేసి, ఇంట్లో ఉన్న పాలు ఒక గ్లాసుడు మిషనులో పోసి చూడమన్నాను.

"అమ్మా, ఎర్ర లైటు వస్తా ఉండాది. ఈ సర్వరుని నమ్మేదానికి లేదు అని రాసి చూపిస్తాది," అంది.

వేరే ఊళ్ళకు చేశాను. ఎర్ర లైటు. ఇంకో ఊరు. ఎర్ర లైటే. ఆఫీసు పేజీలన్నీ శుభ్రంగా నడుస్తున్నాయి, నలభై రెండు సెంటర్లు మాత్రం ముఖం తిప్పుకున్నాయి. బోండా చేతిలోనే చల్లారిపోయింది. ముప్పావుగంట చదివితే అసలు సంగతి బయటపడింది. నక్షత్రం ఒక్క మెట్టుకే పనికొస్తుంది, మధ్యలో చుక్క వస్తే ఆగిపోతుంది. ఆఫీసు, చుక్క, కంపెనీ: ఈ అడ్రసుకు చెల్లుతుంది. నంగలి, చుక్క, ముళబాగిలు, చుక్క, కంపెనీ: దీనికి చెల్లదు. ఊరికీ కంపెనీకీ మధ్య తాలూకా అడ్డం కూర్చుంది.

ఆ తాలూకాను అక్కడ కూర్చోబెట్టింది నేనే. మా జిల్లాలో ఎవరినైనా మీది ఏ ఊరంటే హొసహళ్ళి అంటారు. వెంటనే రెండో ప్రశ్న, ఏ తాలూకా? ఎందుకంటే హొసహళ్ళి లేని తాలూకా లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాలూరు హొసహళ్ళి వాళ్ళ పాలు బంగారుపేట హొసహళ్ళి వాళ్ళ పేరున ఎక్కి పెద్ద గొడవయింది. అప్పుడే ప్రతి ఊరి వెనకా తాలూకా తగిలించాను. భలే పని చేశానని రెండేళ్ళు మురిసిపోయాను కూడా. నక్షత్రం గురించి పుస్తకాలు రాసినవాళ్ళు హొసహళ్ళి చూడలేదు, నేను పుస్తకం ఆ పేజీ దాకా చదవలేదు.

ఒంటిగంట కావస్తోంది. మూడింటికి పాత సర్టిఫికెట్లు చస్తాయి. నలభై రెంటినీ ఒక్కొక్కటిగా మళ్ళీ తెచ్చేంత వ్యవధి లేదు. సరిగ్గా అప్పుడే బెంగళూరు కంపెనీ నిపుణుడు మేనేజరుకు ఫోన్ చేశాడు, ఆయన నాకూ వినబడేట్టు పెట్టారు. ఆ రోజు మా పని మీద ఒక కన్ను వేసి, సాయంత్రం రిపోర్టు ఇమ్మని పెద్దలు అతనికి చెప్పారట. విషయం విని, కన్నడమూ ఇంగ్లీషూ కలిపి చల్లగా దారి చెప్పాడు. ఊళ్ళ పేర్లూ తాలూకాలూ తీసేయండి, సెంటర్లకు ఒకటి నుంచి నలభై రెండు దాకా నంబర్లు ఇచ్చేయండి, మిషన్లలో అడ్రసు మేమిక్కడ నుంచే మార్చేస్తాం, అరగంట పని అన్నాడు. నిజం చెప్పాలంటే అది మంచి సలహానే. నాకు ఒళ్ళు మండింది కానీ తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

మేనేజరు ఫోన్ పెట్టేసి కాసేపు కిటికీలోంచి బజారు చూస్తూ కూర్చున్నారు.

"మా నాయన ముప్పై ఏండ్లు గని షాఫ్టులోకి దిగినాడమ్మా," అన్నారు. "పైన పేరు, కింద నంబరు. ఇత్తడి బిళ్ళ మింద ఏముంటే అదే ఆయన పేరు. ఒక దినము లోపల దెబ్బ తగిలిందని తెలిసి మా అమ్మ గేటు కాడికి పరిగెత్తింది. పేరు చెప్తే ఎవురికీ తెలీలేదు. నంబరెంత అని అడిగినారు. మా అమ్మకి నంబరు తెలీదు. పొద్దు మునిగేదాకా ఆడనే నిలబడింది."

ఆయన కిటికీ నుంచి నా వైపు తిరిగారు.

"ఊర్లకి నంబర్లు వద్దమ్మా. ఇంగేమన్నా దారి ఉండాదా?"

ఉంది! ఆయన కిటికీలోంచి చూస్తున్నంతసేపూ నా బుర్రలో తిరుగుతున్నది అదే. నక్షత్రం ఒక్క మెట్టుకే పనికొస్తే, ప్రతి తాలూకాకూ ఒక నక్షత్రం పెడితే పోలా? ఒకే సర్టిఫికెట్టు మీద ఎన్ని నక్షత్రాలైనా పెట్టనిస్తారు. మాలూరు ముందు ఒకటి, ముళబాగిలు ముందు ఒకటి. ఊళ్ళు నలభై రెండైనా తాలూకాలు వేళ్ళ మీద లెక్క. చెప్తూ చెప్తూ నేను నిలబడిపోయాను, ఆయనా నిలబడిపోయారు. ఇద్దరం అరుస్తూ మాట్లాడుకుంటున్నామని తర్వాత తెలిసింది.

కొత్త అర్జీ. తాలూకాలన్నీ గబగబా టైపు చేశాను. ఒక్కో నక్షత్రానికి ఒక్కో అక్షరాల వరుస ఇచ్చారు, అన్నీ పట్టీలో రాశాను. ఒకసారి కుదరదన్నారు. చూస్తే మాలూరు వరుస చివర ఒక ఖాళీ మిగిలిపోయింది. దాన్ని తిట్టి తీసేశాను. సర్టిఫికెట్టు వచ్చింది, పెట్టెలో పెట్టాను, సర్వరును ఆపి లేపాను. రెండుంపావు. ఎనిమిది నిమిషాలు. ఈసారి తిరగలేదు, బల్ల పట్టుకుని నిలబడ్డాను.

తెర మీద సెంటర్ల జాబితా ఉంటుంది. మిషను సర్వరును నమ్మిందంటే దాని పక్కన పచ్చ రంగు పడుతుంది. మొదట ఒక మాలూరు ఊరు. తర్వాత శ్రీనివాసపురం ఊళ్ళు వరసగా నాలుగు. ఫోన్ మోగింది. నంగలి సెక్రెటరీ.

"పచ్చ లైటమ్మా! పచ్చ లైటు వచ్చినాది! చీటీ కూడా వచ్చినాది!"

ఆమె వెనక ఎవరో ఆడవాళ్ళు నవ్వుతున్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై, ముప్పై, ముప్పై ఐదు. అక్కడ ఆగింది. ఐదు నిమిషాలు చూశాం. ఏడు ఊళ్ళు ఎర్రగానే ఉన్నాయి. మేనేజరు కళ్ళజోడు పెట్టుకుని ఆ ఏడూ ఒక్కొక్కటే పైకి చదివారు. చదివి కళ్ళజోడు తీశారు.

"ఇవన్నీ మన తాలూకా ఊర్లే గదమ్మా."

కోలారు, మాలూరు, బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం. బడిలో సోషల్ టీచరు సెలవు పెట్టినప్పుడల్లా నేను పిల్లలచేత పాట పాడించినట్టు పాడించిన వరస అది. అప్పట్లో కె.జి.ఎఫ్. బంగారుపేట తాలూకాలోనే ఉండేది. వేరే తాలూకా అయింది ఈ మధ్యే. మా ఊళ్ళ అడ్రసుల్లో ఆ పేరు రెండేళ్ళ కిందట సరిగ్గా రాసింది నేనే. ఆ రోజు ఆదరాబాదరాలో చేతివేళ్ళు మాత్రం పాత పాటే పాడాయి. చంకలో పిల్లాడిని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కె.జి.ఎఫ్.లో కూర్చుని జిల్లా అంతా తిరిగి కె.జి.ఎఫ్.ను మరిచిపోయాను.

ఆయన కోప్పడి ఉంటే ఏదో ఒకటి సమాధానం చెప్పేదాన్ని.

"తాలూకా కావాలని ఎన్ని దినాలు రోడ్డు మింద కూర్చున్నామో నీకు తెలుసు గదమ్మా," అన్నారు మెల్లగా. "గని మూసేసినంక మమ్మల్ని అందురూ మరిచిపోయినారు. తాలూకా ఆఫీసు బోర్డు కట్టిన దినము, మేము ఇంగా ఉండాము అనుకున్నాము. నువ్వు ఈ ఊరిదానివే గదా."

సిగ్గుతో చచ్చిపోయాను. అబద్ధం చెప్పను, ఆ క్షణంలో ఉద్యోగం పోతేపోయింది అనిపించింది. కానీ రెండున్నర దాటింది, ఏడు ఊళ్ళలో సాయంత్రం ఆవుల పొదుగులు ఎవరి సిగ్గు కోసమూ ఆగవు. మళ్ళీ సర్టిఫికెట్టు మార్చాలంటే సర్వరును మళ్ళీ ఆపాలి. ఆపితే పచ్చగా ఉన్న ముప్పై ఐదూ ఆగుతాయి. ఈసారి ఎక్కడైనా చెయ్యి జారితే నలభై రెంటికీ మొదటికే మోసం. ఈ పూటకు ముప్పై ఐదుతో సర్దుకుందామని ఆయన అనలేదు. నేనూ అనలేదు.

కొత్త అర్జీ తెరిచి కుర్చీ ఆయన వైపు జరిపాను.

"సార్, ఆరో పేరు మీరే రాయండి."

ఆయన నా వైపు ఒకసారి చూసి, ఒక్క వేలితో, ప్రతి అక్షరం వెతుక్కుని వెతుక్కుని కొట్టారు. నక్షత్రం. చుక్క. కె, జి, ఎఫ్. మిగతా ఐదు తాలూకాలూ నేను పైకి చదువుతుంటే ఆయన తెర మీద వేలు పెట్టి సరిచూశారు. వరుసలు పట్టీలో రాశాం. ఇంకా కనబడటం లేదన్నారు అవతలివాళ్ళు. ఐదు నిమిషాలాగి మళ్ళీ అడిగాం. ఇంకా లేదు. గోడ గడియారంలో మూడు కొట్టింది, పాతవన్నీ చచ్చాయి, వెనక్కి పోయే దారి మూసుకుంది. మూడో సారి అడిగితే ఇచ్చారు. పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాను. మూడూ ఇరవైకి సర్వరును ఆపాను, లేపాను.

తెర మీద నలభై రెండు ఎర్ర గుర్తులు. ఎనిమిది నిమిషాలు. తొమ్మిది. అప్పుడు మొదటి పచ్చ పడింది. పది పడ్డాయి. నంగలి పడింది. ముప్పై ఐదు దాటింది. ముప్పై ఆరోది కె.జి.ఎఫ్. ఊరు! ఆయన బల్ల మీద గుద్దారు. ముప్పై ఎనిమిది, నలభై, నలభై ఒకటి, నలభై రెండు. నేను ఎగిరిన ఎగురుడుకు కుర్చీ వెనక్కి పడింది. "ఏమయిందమ్మా?" అని కింద అంగడాయన కేకేశాడు. నలభై రెండు అని అరిచాను. ఆయనకేం అర్థమయిందో గానీ, ఏదో గిన్నె మీద టంగుమని ఒక దెబ్బ వేశాడు.

నాలుగింటికి పాలు మొదలయ్యాయి. చీటీలు వస్తూనే ఉన్నాయి. నాలుగుంపావుకు బెంగళూరు నుంచి ఫోన్. మొదటిసారి తర్వాత సర్వరు ఇంకో రెండుసార్లు ఎందుకు ఆగిందో రిపోర్టులో రాయాలి, ఆ రెంటిలో మొదటిది చుక్క సమస్య అని తెలుసు, రెండోసారి జరిగిన తప్పేమిటని అడిగాడు నిపుణుడు. ఫోన్ అందరికీ వినబడేట్టు పెట్టి ఉంది. మేనేజరు నా వైపు చూశారు. నాదే తప్పని చెప్పండి అని చేత్తో సైగ చేశాను, నా గుండె మీద వేలు పెట్టి మరీ చూపించాను.

ఆయన తల అడ్డంగా ఊపారు.

"తప్పేమీ లేదు సార్," అన్నారు. "మా తాలూకా కొత్తది. మా ఇంటి మనుషులకే ఇంగా అలవాటు కాలేదు. మీరు రాసుకోండి, నలభై రెండు సెంటర్లలో పాలు పోస్తా ఉండారు. సర్వరు ఈడే ఉంటాది."

నేను మొహం కడుక్కునే నెపంతో బయటికి పోయి ఏడ్చాను. గొంతు ఎందుకలా ఉందని నంగలి సెక్రెటరీ ఫోన్‌లో అడిగితే, సంతోషం అని చెప్పాను. అందులో సగమే నిజం.